పహారా యాత్ర

"మీరంతా టీవీకి వెళ్తున్నారటగా!"

ఈత కొలను గట్టు మీద ఎత్తు కుర్చీలో కూర్చున్న ఈలమ్మకి ఆ ప్రశ్న వెనకనుంచి వచ్చి తగిలింది. ఆమె వెనక్కి తిరగలేదు. తిరగకూడదు. నీళ్ళలో పిల్లల బుర్రలు బంతుల్లా తేలుతుంటే, కాపలా కాసే మనిషి కళ్ళు నీళ్ళ మీదే ఉండాలి. అందుకని కళ్ళు నీళ్ళకి వదిలేసి, ఒక్క చెవిని మాత్రం వెనక్కి పంపింది.

"ఏ టీవీకండీ?"

"ఆ ముక్క నేనే అడుగుదామని వచ్చా," అంది పళ్ళ డాక్టరమ్మ. ఆవిడ కొడుకూ, ఈలమ్మ కూతురూ ఒకే క్లాసు. "మీ పిచ్చిక క్లాసంతా చాటింది. వచ్చే సెలవుల్లో ఇంటిల్లిపాదీ టీవీకి వెళ్తున్నారనీ, అక్కడే ఉండి, అక్కడే తిని, అక్కడే పడుకుంటారనీ. పాటల పోటీయా? వంటల పోటీయా?"

ఈలమ్మకి అసలు పేరు వేరే ఉంది. మెడలో ఈల వేలాడుతుందనీ, మాట కన్నా ముందు ఈలే మోగుతుందనీ ఈత నేర్చుకునే పిల్లలు పెట్టిన పేరిది. పెట్టింది పిల్లలే అయినా పిలిచేది ఊరంతా. ఆవిడకి పాట రాదు. వంట వచ్చు గానీ పోటీకి రాదు. వచ్చిందల్లా ఈదడం, ఈదించడం, మునిగేవాళ్ళని పైకి లాగడం.

సాయంత్రానికి కబురు కొలనంతా ఈదేసింది. టికెట్లిచ్చే ఆవిడ వచ్చి, ఏ చీర కట్టుకుంటే కెమెరాలో సన్నగా కనిపిస్తారో చెప్పి వెళ్ళింది. కొలను మేనేజరు ఎన్నడూ లేనిది జుట్టు దువ్వుకుని వచ్చి, "మధ్యలో ఎక్కడో ఒకచోట మన కొలను పేరు అనేయండమ్మా, మీ నోటి మాట మాకు నోట్ల మూట," అన్నాడు. ఈలమ్మ కాదు కాదంటున్న కొద్దీ వాళ్ళు ఔను ఔనంటూ కన్ను గీటారు.

ఇంటికెళ్ళగానే కూతుర్ని నిలదీసింది. పిచ్చిక ఏ మాత్రం జంకలేదు.

"నాన్న ఫోన్లో అత్తకి చెప్తుంటే విన్నా. రహస్యం. అమ్మకి చెప్పొద్దన్నాడు. నేను నీకు చెప్పలేదుగా! క్లాసుకే చెప్పా."

"ఆ టీవీలో ఏముంటుందే?"

"చుట్టూ నీళ్ళుంటాయి. కొబ్బరి చెట్లుంటాయి. నీళ్ళ మీద ఇల్లుంటుంది. మంచం పక్కన నేలంతా అద్దమే, కిందకి చూస్తే చేపలు కనిపిస్తాయి."

చుట్టూ నీళ్ళున్న టీవీ ఎక్కడుంటుంది? ఈలమ్మ ఆ మాటని బుగ్గలో పెట్టుకుని అటు తిప్పింది, ఇటు తిప్పింది. టీవీ... దీవీ... దీవి! పళ్ళూడిన పిల్ల నోట్లో పడి దీవి కాస్తా టీవీ అయి కూర్చుంది. ఆయన ఎన్నాళ్ళుగానో కలవరిస్తున్న ఎండల దీవి!

నిజం చెప్పొద్దూ, మొదట ఆమెకి సంతోషమే కలిగింది. వెంటనే రెండో ఆలోచన వచ్చింది: ఈ సంగతి ఆయన అక్కకి తెలుసు, తనకి తెలీదు. దాని వెనకే మూడోది వచ్చింది: నీళ్ళ మీద ఇల్లు. నీళ్ళ మీద! మూడేళ్ళ పిల్లాడితో! అక్కడికి సంతోషం సాంతం దిగిపోయి, ఆ ఖాళీలోకి కోపం సామానుతో సహా వచ్చి దిగింది.

ఆయన వచ్చాడు. చేపల పెట్టెలూ పళ్ళ పెట్టెలూ దాచే శీతల గిడ్డంగిలో ఆయన ఫోర్‌మన్. ఊరంతా చొక్కా గుండీలు విప్పుకుని విసురుకుంటుంటే ఈయన స్వెట్టరు మీద స్వెట్టరు, నెత్తిన ఉన్ని టోపీతో వీధి మలుపు తిరుగుతాడు. వీధివాళ్ళు ఆయన్ని చలిమనిషి అంటారు. చలిమనిషికి జీవితంలో ఒకటే కోరిక: వేడి ఇసుకలో వెల్లకిలా పడుకుని, చెవుల్లో గూడు కట్టుకున్న చలి కరిగి కారిపోవడం. దాన్ని తప్పు పట్టడానికి లేదు. తప్పు పట్టవలసింది తర్వాత జరిగింది.

"ఏమండీ, దీవి సంగతేంటి?"

ఒక చెయ్యి స్వెట్టర్లో, ఒక చెయ్యి బయట, తల ఎక్కడుందో తెలియని స్థితిలో ఆయన గడ్డకట్టిపోయాడు. ఆ ఉన్ని లోపల్నుంచే, "ఎవరు చెప్పారు? సర్‌ప్రైజు కదా!" అన్నాడు.

"సర్‌ప్రైజు మీ అక్కకి ముందే తెలుసేం?"

"అక్కావాళ్ళు కూడా వస్తున్నారుగా. అందరం కలిసి!" తల బయటికొచ్చింది. మొహం వెలిగిపోతోంది. ఫోన్ తీసి బొమ్మలు చూపించాడు. "చూడు. సముద్రం మీద కర్ర స్తంభాలు, స్తంభాల మీద విల్లా. లేచి తలుపు తీస్తే మెట్లు, మెట్లు దిగితే సముద్రం. మధ్యలో ఏమీ లేదు!"

"అదే చూస్తున్నా. మధ్యలో ఏమీ లేదు."

అందరూ ఆ బొమ్మలో నీలం చూస్తారు. ఈలమ్మ కంతలు చూసింది. వరండాకి కటకటాలు లేవు. మెట్లకి గేటు లేదు. తలుపు గొళ్ళెం పిల్లాడి చెయ్యందే ఎత్తులో ఉంది. పడుకునే గదికీ పాతాళానికీ మధ్య ఒక గడప. వాళ్ళ బొండాంగాడు గడపల్ని లెక్కచేసే రకం కాదు. కొబ్బరి బొండంలా గుండ్రంగా ఉండి, ఎటు వాలుంటే అటు దొర్లుకుంటూ పోతాడు.

"ఇది విల్లా కాదండీ, విలవిల! రాత్రి వీడు లేచి తలుపు తీస్తే?"

దానికి చలిమనిషి నవ్వాడు. ఎంతో ప్రేమగా, ఎంతో ధీమాగా నవ్వి, పెళ్ళాన్ని ఊళ్ళోకెల్లా గొప్పదాన్ని చేసే మాటనుకుంటూ అన్నాడు: "నువ్వున్నావుగా!"

వినడానికి పొగడ్తలాగే ఉంటుంది ఆ మాట. ఒళ్ళోకి తీసుకున్నాక చూస్తే మూట. విప్పితే ఇంట్లో ఇంకెవరూ మొయ్యని బరువంతా అందులోనే ఉంటుంది.

ఈలమ్మకి కూడా ఒక కోరిక ఉంది మరి. ఎవరికీ చెప్పలేదు, చెబితే నవ్వుతారని. ఊళ్ళో పిల్లలందరినీ నీళ్ళలో తేల్చిన ఆ మనిషి తన పిల్లలతో కలిసి నీళ్ళలో దిగింది లేదు. ఆమె దిగితే గట్టున ఎవరుంటారు? పిచ్చికకి ఊపిరి పట్టడం నేర్పింది ఇంకో టీచరు. ఆ పూట కూడా ఈలమ్మ గట్టున కుర్చీలోనే ఉంది, పరాయి పిల్లల బుర్రల మధ్య సొంత బుర్రని కూడా చూసుకుంటూ. కుటుంబం ఎప్పుడు ఏ నీటి ఒడ్డుకి వెళ్ళినా అంతే. అందరి ఫొటోలూ నీళ్ళలో తడిసి నవ్వుతుంటే, ఈమెది మోకాళ్ళ లోతులో నుంచున్న వీపు.

ఆమెకి కావలసింది ఇంత: బొండాంగాణ్ణి పొట్ట మీద పడుకోబెట్టుకుని, పిచ్చిక చెయ్యి పట్టుకుని, నీళ్ళ మీద వెల్లకిలా తేలాలి. వెల్లకిలా తేలితే చెవులు నీళ్ళలో ఉంటాయి, ఏమీ వినపడదు. కళ్ళు ఆకాశం మీద ఉంటాయి, ఏమీ కనపడదు. అంటే అంతసేపూ గట్టు మీద ఇంకెవరో కళ్ళూ చెవులూ అయి ఉండాలి. మొగుడికీ పెళ్ళానికీ ఇద్దరికీ వెల్లకిలా పడుకోవాలనే ఉందన్నమాట. ఆయనకి ఇసుక మీద, ఈమెకి నీళ్ళ మీద. ఒక్కటే తేడా: ఆయన పడుకుంటే కాపలాకి ఈమె ఉంది.

ఆదివారం పూట వదిన, అన్నయ్య దిగారు. వదినంటే చలిమనిషి అక్క. అన్నయ్యంటే ఆవిడ భర్త, చలిమనిషికి బావ. వెంట వాళ్ళ కవలలు, ఒకడు అల అయితే ఇంకొకడు అల్లకల్లోలం. వదినది బ్యూటీ పార్లరు. ఎవరి మొహం చూసినా ఏం చేస్తే బాగుపడుతుందో మొహం మీదే చెప్పేస్తుంది. బావ ఇళ్ళు అమ్మిపెట్టే బ్రోకరు. గోడకి ఎదురుగా ఉన్న కిటికీకి కూడా "వ్యూ ఉందండీ" అని చెప్పి అమ్మగలడు.

ముందు గదిలో సోఫా నిండా కూర్చున్నారు. మధ్యలో టీ కప్పులు, కప్పుల మధ్య ఫోను, ఫోన్లో దీవి. పిల్లలు నలుగురూ గదికీ వరండాకీ మధ్య పరుగులు పెడుతున్నారు.

"పొద్దున్నే నేనూ బావా పడవ మీద చేపలకి వెళ్తాం," అన్నాడు చలిమనిషి.

"నీకు ఇంకా చేపలు చాల్లేదుట్రా?" అంది వదిన.

"ఇవి కదిలే చేపలక్కా. నేను రోజూ చూసేవి కదలవు."

"సరే పోండి. నేను మసాజుకి వెళ్తా. అక్కడ ఇసుకతో ఒళ్ళు రుద్దుతారట, చర్మం పదేళ్ళు వెనక్కి వెళ్తుందట."

"పిల్లలూ?" అంది ఈలమ్మ.

ముగ్గురూ ఒకేసారి తలెత్తారు. పాఠం అప్పజెబుతున్నట్టు ముగ్గురి నోటా ఒకే మాట వచ్చింది.

"నువ్వున్నావుగా!"

"మా కవలలు కూడా నీ దగ్గరైతే బుద్ధిగా ఉంటారమ్మాయ్," అని వదిన సంచీలోంచి ఒక పొట్లం తీసింది. "ఇదిగో, నీకోసం వెతికి వెతికి కొన్నా. విప్పు."

ఈలమ్మ విప్పింది. లోపల ఒక కొత్త ఈల. బంగారు రంగుది, మెరిసే గొలుసుతో.

"నీ మెడలో ఆ ప్లాస్టిక్‌ది ఫొటోల్లో ఏం బాగుంటుంది? ఇదైతే సముద్రం ముందు తళుక్కుమంటుంది," అంది వదిన, మనస్ఫూర్తిగా మురిసిపోతూ.

అరికాలి మంట నెత్తికెక్కడం అంటారే, ఈలమ్మకి దారిలో ఎక్కడా ఆగకుండా ఎక్కింది.

"అంటే సెలవు మీకు, డ్యూటీ నాకు. అలలు మీకు, అలసట నాకు. ఇసుక మీకు, విసుగు నాకు. బోలెడంత తీరం ఉంటుంది, నాకు మాత్రం తీరిక ఉండదు! దీన్ని విహారయాత్ర అనకండి వదినా. పహారా యాత్ర అనండి, బావుంటుంది."

బావ పగలబడి నవ్వాడు. "పహారా యాత్ర! భలే అన్నావమ్మా. ఏరా బావమరిదీ, మీ ఆవిడ మాటకి మాట మెరుపేరా!"

మనిషి మండిపోతూ అన్న మాటకి ఎదుటివాడు చప్పట్లు కొడితే కలిగే కోపం వేరే జాతిది. అది అరవదు. లేచి వెళ్ళిపోతుంది. ఈలమ్మ లేచింది. మేడ మీద ఆరేసిన బట్టలున్నాయి. ఆ బట్టలు ఇప్పుడే తియ్యక్కర్లేదు గానీ, అక్కడ మాట్లాడే మనుషులు లేరు.

ఈత కొలను దగ్గర ఒక పద్ధతుంది. కాపలా మనిషి కుర్చీ దిగేముందు తర్వాతి మనిషితో పైకి వినిపించేలా "నీళ్ళు నీవి" అనాలి. ఆ మనిషి నీళ్ళ వైపు చూస్తూ "నీళ్ళు నావి" అనాలి. ఆ మాట వినపడేదాకా మొదటి మనిషి కుర్చీ దిగడానికి లేదు, కొంప అంటుకున్నా సరే. ఈలమ్మ ఆ పద్ధతిని ఇంటికి కూడా తెచ్చింది. బొండాంగాడు పుట్టినప్పట్నుంచి పిల్లలకి స్నానం చేయిస్తూ మధ్యలో లేవాలంటే మొగుడికి అలాగే అప్పగిస్తుంది. ఆయనకీ అలవాటే.

గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి చూడకుండా, "ఏమండీ, నీళ్ళు మీవి!" అని అరిచింది. పిల్లల్ని చూస్కోండి అనడానికి ఆ ఇంట్లో అదే మాట.

"ఉన్నా, ఉన్నా!" అన్నాడు చలిమనిషి, ఫోన్లో దీవిని రెండు వేళ్ళతో పెద్దది చేస్తూ.

ఆమె మెట్లెక్కింది.

మేడ మీద ఒక్కొక్క క్లిప్పూ పీకుతూ ఒక్కొక్కరినీ తిట్టుకుంది. చొక్కాకి మొగుణ్ణి, తువ్వాలుకి వదినని, తలగడ గలీబుకి బావని. ఆ బంగారు ఈలని మింగించే ఉపాయం ఏదైనా ఉందా అని కూడా ఆలోచించింది. కోపం సగం దిగి, బట్టలు పూర్తిగా దిగాక, ఆ గుట్టని రెండు చేతుల్లో వేసుకుని కిందికొచ్చింది.

వాళ్ళ గుమ్మంలో కింది ఇంటి దర్జీ నుంచుని ఉన్నాడు. మెడలో టేపు, చేతి మీద సగం కుట్టిన కోటు. కోటు భుజం నల్లగా తడిసి ఉంది.

"అయ్యా, మా ఇంట్లో వాన పడుతోంది," అంటున్నాడు.

"మాకు ఎండగానే ఉందే!" అన్నాడు బావ సోఫాలోంచి, చమత్కరించాననుకుంటూ.

ఈలమ్మ దర్జీ భుజం మీదుగా గదిలోకి చూసింది. ఒక్క చూపు చాలు ఆమెకి, అది ఉద్యోగం నేర్పిన చూపు. సోఫాలో పెద్దవాళ్ళు ముగ్గురు. పిల్లలు ఒక్కరూ లేరు. చేతుల్లో బట్టలు అక్కడే పడ్డాయి.

స్నానాల గది తలుపు దగ్గరగా వేసి ఉంది. దాని కింద నుంచి నీళ్ళు వరండాలోకి పాకుతున్నాయి. తోసింది.

లోపల దీవి ఉంది. పెద్దవాళ్ళు అక్కడ మాటల్లో కట్టిన దాన్ని పిల్లలు ఇక్కడ చేతల్లో కట్టారు. నీళ్ళు పోయే కన్నంలో చలిమనిషి స్వెట్టరు కుక్కి, కుళాయి పూర్తిగా తిప్పేశారు. చీలమండలు మునిగేంత సముద్రం. కవలలిద్దరూ చేతులతో బాదుతూ అలలు సప్లై చేస్తున్నారు. పిచ్చిక స్టూలెక్కి చేతులు చాపి కొబ్బరి చెట్టయింది. మూలన నీళ్ళు నిల్వ చేసుకునే డ్రమ్ము, అంచుదాకా నిండుగా. దాని పక్కన బోర్లించిన బకెట్టు. బకెట్టు మీద బొండాంగాడు లేడు. వాడి పొట్ట డ్రమ్ము అంచు మీద ఉంది. తల నీళ్ళలో ఉంది. కాళ్ళు గాల్లో ఉన్నాయి.

ఈలమ్మ వాడి నిక్కరు పట్టుకుని లాగింది.

వాడు పైకొచ్చాడు. ముక్కులోంచి నీళ్ళు, నోట్లోంచి నీళ్ళు, దగ్గు, ఒక తుమ్ము. చేతిలో సబ్బు పెట్టె. "పడవ!" అని చూపించి, నవ్వి, మళ్ళీ దగ్గాడు.

ఆమె కుళాయి కట్టేసి, ఆ నీళ్ళలోనే చతికిలబడి, వాణ్ణి ఒళ్ళో బోర్లా వేసుకుని వీపు రాసింది. ఊపిరి విన్నది. చాలాసేపు విన్నది. బాగానే ఉంది.

గుమ్మంలో ముగ్గురు పెద్దవాళ్ళూ, వాళ్ళ వెనక దర్జీ. ముందు తెరుచుకుంది వదిన నోరు. భయంతోనే అన్నదనుకోండి, అయినా అన్నది.

"అయ్యో అయ్యో! నువ్వెక్కడికి వెళ్ళావమ్మాయ్?"

ఈలమ్మ తలెత్తింది.

"నేనెక్కడికి వెళ్ళానా? ఈ ఇంట్లో నలుగురు పెద్దవాళ్ళం ఉన్నాం వదినా. ముగ్గురు సోఫాలో ఉన్నారు. నేను బట్టలు తేవడానికి వెళ్ళా. మీరడగాల్సిన ప్రశ్న అదేనా? మీ తమ్ముణ్ణి అడగరేం, ఆయన ఎక్కడున్నాడని? అన్నయ్యని అడగరేం? మిమ్మల్ని మీరు అడుక్కోరేం?"

"నాకు చెప్పి వెళ్ళలేదుగా నువ్వు," అన్నాడు చలిమనిషి. మొహం గిడ్డంగిలో చేపలా తెల్లబడింది.

"చెప్పాను. నీళ్ళు మీవి అన్నాను. మీరు ఉన్నా అన్నారు."

"నేనా?"

"అన్నావురా," అంది వదిన. "రెండుసార్లు అన్నావు. నేను విన్నా."

ఆయన గోడకి ఆనుకున్నాడు. ఏదో గుర్తుకొచ్చి, వచ్చినదాన్ని చూసి తనే భయపడ్డాడు.

"అది నేను కాదు," అన్నాడు మెల్లిగా. "అంటే నేనే. కానీ నేను వినలేదు. గిడ్డంగిలో చలిగది తలుపు బయటినుంచే తెరుచుకుంటుంది. లోపల మనిషి ఉండగా ఎవడైనా మూసేస్తే వాడు గడ్డే. అందుకని లోపలికెళ్ళిన మనిషి ఉండుండి ఒక కేక వేస్తాడు. ఏదో ఒకటి, ఊరికే. బయటున్న మనిషి 'ఉన్నా' అనాలి. నేను తలుపు దగ్గరే ఉన్నా, మూయనివ్వను, నువ్వు పని చేసుకో అని. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే పని. ఇప్పుడు నాకు మాట చెవిలో పడక్కర్లేదు. అరుపు పడితే చాలు, నోరు దానంతటదే అనేస్తుంది. నువ్వేమన్నావో కూడా నాకు తెలీదు."

ఈలమ్మ వింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ ముక్క ఆమెకి తెలీదు. ఆయన పలికిన ప్రతి "ఉన్నా"నీ నిజమనుకుంది.

"మీ తలుపు దగ్గర ఉంటే సరిపోతుంది," అంది. "నీళ్ళ దగ్గర ఉంటే సరిపోదండీ. చూడాలి."

తర్వాత, అంటే బాగా తటపటాయించి, ఇంకో ముక్క కూడా అంది. "నేను కూడా 'నావి' అనే మాట వినకుండా మెట్లెక్కా. ఉన్నా అంటే చాల్లే అనుకున్నా. కోపంలో ఉన్నా. కొలను దగ్గర అలా చేస్తే ఆ పూటే నన్ను ఇంటికి పంపేస్తారు, పంపాలి కూడా."

"నాకు నవ్వులు వినపడుతూనే ఉన్నాయమ్మా," అన్నాడు బావ. గొంతులో వ్యూలు అమ్మే జోరు లేదు. "పిల్లలు నవ్వుతున్నారు కదా, ఏదన్నా అయితే ఏడుపు వినపడుతుంది కదా అనుకున్నా."

"ముగ్గురు నవ్వారన్నయ్యా. నాలుగో వాడి తల నీళ్ళలో ఉంది. మునిగేవాళ్ళు అరవరు. ఆ అరుపులు సినిమాల్లోనే."

వదిన ఏమీ అనుకోలేదట. అదే చెప్పింది, కళ్ళొత్తుకుంటూ. "నేను అసలు అనుకోనే లేదమ్మాయ్. నువ్వు పక్కన లేవని తెలుసు. అయినా... నువ్వున్నావుగా అని."

"లేనప్పుడు కూడా ఉన్నానా?"

"ఊఁ."

దానికి కోప్పడాలో జాలిపడాలో ఈలమ్మకి తెలీలేదు. కోపం దగ్గరగా ఉంది కాబట్టి అదే పడింది.

"వినండి. దీవికి వెళ్తాం. పిల్లలకి ఆశపెట్టారు, కాదనను. కానీ ఆ విలవిల్లా వద్దు. తోట వైపు గది, కింది అంతస్తు, తలుపుకి పైన గొళ్ళెం. నేను అక్కడ కాపలా మనిషిని కాదు, తల్లిని. పిల్లలతో నీళ్ళలో దిగుతాను. వెల్లకిలా తేలతాను. నా చెవులు నీళ్ళలో ఉంటాయి, ఎవరు పిలిచినా పలకను. గట్టున మీరు ముగ్గురూ వంతులేసుకుని నుంచుంటారు. ఫోన్లు గదిలో ఉంటాయి. ఎలా చూడాలో కొలనుకి రండి, నేర్పుతా. వచ్చిందని నాకు నమ్మకం కుదిరిన రోజున ప్రయాణం. కుదరకపోతే ఈ డ్రమ్మే మన సముద్రం."

"తోట వైపంటే మరి వ్యూ..." అని అలవాటుగా మొదలెట్టిన బావ మధ్యలోనే నాలిక కరుచుకున్నాడు.

"వ్యూ కాదన్నయ్యా. చూపు కావాలి."

"మసాజు?" అంది వదిన చాలా చిన్న గొంతుతో.

"చేయించుకోండి. మీ వంతు అయ్యాక."

చలిమనిషి లోపలికొచ్చాడు. వంగి, చెయ్యి నీళ్ళలో పెట్టి, కన్నంలోంచి స్వెట్టరు పీకాడు. పిల్లల సముద్రం గుటకలేస్తూ దిగిపోవడం మొదలైంది. కవలలు ఉసూరుమన్నారు. పిచ్చిక స్టూలు మీదే నుంచుని, తను ఇప్పుడు చెట్టో కాదో తెలీక చేతులు సగం దించింది.

"నేను ముందు వస్తా," అన్నాడు ఆయన, నీళ్ళు కారుతున్న స్వెట్టరుని గుండెకి పట్టుకుని. "కొలనుకి. రేపే."

అప్పటిదాకా మర్యాదగా నుంచున్న దర్జీ దగ్గాడు.

"బాబూ, పిల్లాడు క్షేమం, సంతోషం. కానీ రేపు పెళ్ళికొడుకు ఈ కోటు వేసుకోవాలి. నేను వాళ్ళకేం చెప్పను? అసలేం జరిగింది?"

అందరూ ఈలమ్మ వైపు చూశారు. చెప్పడానికి కూడా ఆమే ఉంది కదా! ఆమె పిల్లాడి నెత్తి తుడుస్తూ, తలెత్తకుండా, "మీరు చెప్పండి," అంది మొగుడితో. "ఎవరెక్కడున్నారో, ఎవరేమనుకున్నారో, మొదట్నుంచీ. పిల్లలు కూడా వింటారు."

ఆయన చెప్పాడు. తడి సాక్సులతో వరండాలో నుంచుని, పెళ్ళాం అన్నదీ, తను వినకుండా అన్నదీ, చలిగది తలుపూ, బావ విన్న నవ్వులూ, అక్క అనుకోకుండా అనుకున్నదీ అన్నీ చెప్పాడు. తనని తను వెనకేసుకురాలేదు. దర్జీ టేపు రెండు కొసలూ పట్టుకుని శ్రద్ధగా విన్నాడు.

"ఆహా," అన్నాడు చివరికి. "అంటే అమ్మగారు నీళ్ళు మీకిచ్చారు. మీరు పుచ్చుకోలేదు, పుచ్చుకున్నట్టు కేకేశారు. ఆ కేక వినేసి ఆవిడ మేడెక్కేశారు. ఈయన నవ్వుల్ని నమ్ముకున్నారు. ఈవిడ, లేని మనిషిని నమ్ముకున్నారు. నలుగురూ చూస్తున్నారని నలుగురూ అనుకుంటే, ఎవరూ చూడని పిల్లాడు తలకిందులయ్యాడు, అందరి నీళ్ళూ వచ్చి నా కోటు మీద పడ్డాయి."

"సరిగ్గా అంతేనండీ," అంది ఈలమ్మ.